అవ్వ నడక నెమ్మదించిందా?

(ఇంటింటి ముచ్చట)



పోయిన నెల మన పేజీలో ఉలవచారును గురించి వ్రాశాను గదా. వచ్చిన ఉత్తరాలలో చాలావాటికి ఆ చారే ఊసు. ఒకరు మునగాకు వేయవలెనన్నారు. ఇంకొకరు మునగాకు వేస్తే అది ఉలవచారే కాదన్నారు. ఆ తగవు తీర్చడం నా చేత కాదు గనుక ఆ కట్టకు దారం చుట్టి పక్కన పెట్టబోయాను. కట్ట అడుగున మధుర నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం కనబడింది. అందులో చారు ఊసు లేకపోలేదు గాని, అది వేరే సంగతి.

“మా అత్తగారికి 78 ఏండ్లు. రెండేండ్ల క్రిందటిదాకా తెల్లవారి అయిదింటికే లేచి, వాకిట నీళ్లు చల్లి ముగ్గు పెట్టిన మనిషి. ఇప్పుడు మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. సగం అన్నం కంచంలోనే వదిలేస్తారు. చారులో ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండోసారి వేస్తారు. జ్వరం లేదు, జబ్బని చెప్పడానికి ఏమీ లేదు. మా ఆయన్ని అడిగితే ‘వయసైంది, అంతే’ అంటారు. అక్కయ్యా, ఇది వయసేనా? నేను చేయగలిగింది ఏమైనా ఉన్నదా, లేక చూస్తూ కూర్చోవలసిందేనా?”

ఈ ప్రశ్న ఒక్క మధురలోనే కాదు, మన ఇళ్లలో చాలా చోట్ల ఉన్నది. అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. పెద్దవాళ్లను గురించి అలా మాట్లాడడం తప్పేమోనని సంకోచం. అంచేత ఈ నెల ముచ్చట అదే. చెప్పడానికి నాకు కొంత అర్హత కూడా ఉన్నది. ఎందుకంటే ఈ విషయంలో చేయకూడని పొరపాట్లన్నీ నేను చేసినదాన్నే.

ముందుగా సోదరి ప్రశ్నకు సూటిగా జవాబు. ఇది ఉత్త వయసు కాదు. 85 ఏండ్లకు కూడా బజారుకు వెళ్లి కూరగాయలు బేరమాడి తెచ్చే తాతలు మన వీధుల్లో లేరా? 65కే మంచానికి అంటుకుపోయినవారు లేరా? వయసే కారణమైతే అందరికీ ఒకే లెక్కన రావాలి గదా. ఆ తేడాకు వైద్యులు పెట్టిన పేరు ఇంగ్లీషులో ఫ్రెయిల్టీ. మనం దౌర్బల్యమందాం.

మన పాత ఇళ్లలో గాదెలు ఉండేవి. గాదెలో గింజలున్నంత కాలం ఒక ఏడు వాన కురవకపోయినా ఇల్లు నడిచేది. గాదె అడుగంటిన ఇంటికి ఒక్క వాన తప్పితే చాలు, పొయ్యి వెలగదు. మన ఒంటిలో కూడా అలాంటి నిలవ ఒకటి ఉంటుంది. కండలో, ఎముకలో, గుండెలో, మెదడులో అవసరానికి మించి కొంత బలం దాచి ఉంటుంది. పడుచువాడికి నాలుగు రోజులు జ్వరమొస్తే అయిదో రోజు లేచి పనికి పోతాడు. నిలవ తరిగిన ముసలి ప్రాణానికి అదే జ్వరమొస్తే, జ్వరం తగ్గినా మనిషి మునుపటి మెట్టుకు రాడు. ఒక మెట్టు క్రిందనే ఆగిపోతాడు. తరువాత విరేచనాలు పట్టుకుంటే ఇంకొక మెట్టు. “మొన్నటి జ్వరం తరువాత మా నాయన మళ్లీ లేవలేదండీ” అని మనం అనుకుంటూ ఉంటామే, అది ఇదే.

2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ అనే వైద్యురాలు, ఆమెతోటివారు కలిసి దీనిని గుర్తుపట్టడానికి అయిదు గుర్తులు చెప్పారు. నేటికీ ప్రపంచమంతటా వైద్యులు వాటిని వాడుతున్నారు. వారు వైద్యుల మాటల్లో చెప్పారు. నేను మన వంటింటి మాటల్లో చెబుతాను.

ఒకటి, కావాలని తగ్గకుండానే బరువు తగ్గడం. ఏడాదిలో నాలుగున్నర కిలోలు తగ్గితే లెక్కలోకి వస్తుంది. తూకం లేకపోయినా రవిక వదులవుతుంది, గాజులు మోచేతిదాకా జారుతాయి, ఉంగరానికి దారం చుట్టవలసి వస్తుంది. రెండు, అలసట. “ఏ పని చేయాలన్నా బరువుగా ఉన్నదే” అని వారంలో మూడు నాలుగు రోజులైనా అనడం. మూడు, పిడికిలిలో పట్టు తగ్గడం. సీసా మూత తిప్పలేకపోవడం, తడి చీర పిండలేకపోవడం. నాలుగు, నడక నెమ్మదించడం. అయిదు, రోజూ చేసే పనులు ఒక్కొక్కటే మానుకోవడం. ఈ అయిదింటిలో మూడు ఉంటే దౌర్బల్యం వచ్చినట్లు. ఒకటో రెండో ఉంటే గుమ్మందాకా వచ్చినట్లు. గుమ్మందాకా వచ్చిన దానిని వెనక్కి పంపవచ్చు. లోపలికి వచ్చినదానిని కూడా కొంతవరకు తరమవచ్చు. అందుకే ఈ లెక్క తెలిసి ఉండడం మంచిది.

వీటిలో నడక ఇంటివద్దనే చూసుకోదగినది. వసారాలో టేపు పెట్టి నాలుగు మీటర్లు కొలిచి సుద్దముక్కతో రెండు గీతలు గీయండి. పెద్దవారిని మామూలుగా నడవమనండి, పందెం కాదు. గడియారం చూడండి. అయిదు సెకన్లకు మించి పడుతున్నదంటే వైద్యునికి చెప్పవలసిన సంగతే. ఇంకొకటి: చేతులు రొమ్ముకు కట్టుకొని కుర్చీలోనుంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. ఆసియా దేశాల వైద్య సంఘం 2019లో పెట్టిన లెక్క ప్రకారం దీనికి పన్నెండు సెకన్లో అంతకు మించో పడితే కాళ్ల కండ తగ్గినదేమో చూపించుకోవాలి. మీరు పక్కనే నిలబడి చేయించండి సుమా!

ఇక్కడిదాకా ఒంటి సంగతి. మరి ఉప్పు మరిచిపోవడమో?

కాళ్లూ బుర్రా వేరువేరు అని మనం అనుకుంటాం. కాని నడక నెమ్మదించిన పెద్దవారిలో జ్ఞాపకం కూడా జారడం ఎక్కువగా కనబడుతున్నదని పరిశోధకులు గమనించారు. 1997లో స్వీడన్ దేశంలో ఒక చిన్న విషయం గుర్తించారు. నడుస్తూ ఉండగా ఎవరైనా పలకరిస్తే, జవాబు చెప్పడానికి నడక ఆపివేసే వృద్ధులు తరువాతి నెలల్లో పడిపోవడం ఎక్కువట. నడవడానికి కూడా బుర్ర కావాలి. బుర్రలో నిలవ తగ్గితే రెండు పనులు ఒకేసారి సాగవు. 2013లో కొన్ని దేశాల వైద్యనిపుణులు కూడి, ఒంటి దౌర్బల్యమూ జ్ఞాపకపు తడబాటూ కలిసి ఉండి ఇంకా మతిమరపు జబ్బుదాకా పోని స్థితికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. బుద్ధి దౌర్బల్యమని మనం చెప్పుకోవచ్చు. రక్తనాళాలు గట్టిపడడం, షుగరు, రక్తపు పోటు, తిండి చాలకపోవడం, కదలకపోవడం, చెవులు వినబడకపోవడం, పలకరించేవారు లేకపోవడం, ఇవన్నీ కాళ్లనూ బుర్రనూ కూడా తింటాయి. అంచేత ఒకదానికి చేసే ఉపచారం రెండోదానికీ పనికివస్తుంది.

ఇక నా కథ చెబుతాను.

మా కాపురం కోయంబత్తూరులో. మా అత్తగారు ఊరికే కూర్చునే మనిషి కాదు. పిల్లలందరికీ ఆమె అవ్వ. వీధిలో సగంమందికి కూడా అవ్వే. 2020 ప్రాంతంలో ఆమెకు కాస్త ఆయాసం మొదలైంది. నాకు భయం వేసింది, ప్రేమ కూడా వేసింది. “మీరు కూర్చోండి అత్తమ్మా” అన్నాను. చీపురు తీసుకున్నాను. తరువాత ముగ్గు డబ్బా తీసుకున్నాను. తరువాత కూరగాయలు తరగడం కూడా, చేయి తెగుతుందని, నేనే తీసుకున్నాను. ఏ ఇంటి కోడలైనా అత్తను కూర్చోబెట్టి చూసుకుంటున్నదంటే చుట్టాలు మెచ్చుకుంటారు గదా, నన్నూ మెచ్చుకున్నారు. ఆమె కూర్చున్నది. ఏడాదికల్లా కూర్చున్నచోటినుంచి లేవడానికి నా చేయి కావలసి వచ్చింది. నేను కూడా “వయసు” అనుకున్నాను. రాత్రిళ్లు నిద్ర రావడం లేదంటే మందుల షాపులో అడిగి ఒక మాత్ర తెచ్చి ఇచ్చినదాన్ని కూడా నేనే.

2022లో ఒక రాత్రి ఆమె పెరటివైపు వెళ్లబోయి గడప తట్టుకొని పడ్డారు. తుంటి ఎముక విరిగింది. అప్పటికి 79 ఏండ్లు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రాత్రి ఆస్పత్రిలో మా అమ్మాయి కాపలా ఉన్నది. అర్ధరాత్రి దాటాక ఫోను చేసింది. “అమ్మా, అవ్వ ఏదో అరుస్తోంది. దూడ, దూడ అంటోంది. నాకు అర్థం కావడం లేదు. వీళ్లకూ అర్థం కావడం లేదు. చేతులు మంచానికి కట్టేశారు” అన్నది. నేను ఆటో పట్టుకొని పరుగెత్తాను. వెళ్లేసరికి అత్తగారు, “దూడ విప్పుకున్నదర్రా, తల్లి దగ్గరికి పోయి పాలన్నీ తాగేస్తున్నది, ఎవరైనా కట్టండి” అని గుడ్లనీరు పెట్టుకొని బ్రతిమాలుతున్నారు. ఆ దూడ ఆమె పుట్టింటి దొడ్లోది, డెబ్బయి ఏండ్లనాటిది. డ్యూటీలో ఉన్న పడుచువారికి తెలుగు రాదు. పిచ్చి అరుపులనుకున్నారు. వారిని నేను తప్పు పట్టను. నా కడుపున పుట్టిన పిల్లకే రాలేదు.

నేను మంచం పక్కన కూర్చొని, “కట్టేశానత్తమ్మా. తల్లికి కుడితి కూడా పెట్టాను” అన్నాను. “అమ్మయ్య” అన్నారు. కాసేపటికి నిద్ర పట్టింది.

మరునాడు ఉదయం ఒక చిన్న డాక్టరు వచ్చి తమిళంలో, ఇవాళ ఏ తేదీ, ఇది ఏ చోటు, నూటిలోనుంచి ఏడు తీసివేస్తే ఎంత అని ప్రశ్నలు వేశారు. అత్తగారు తమిళం రానివారేమీ కాదు. అరవై ఏండ్లు ఆ ఊరి బజారులో తమిళంలోనే బేరమాడిన మనిషి. కాని ఆ పూట ఒక్క మాట నోట రాలేదు. కాగితం మీద ఏదో వ్రాసుకొని వెళ్లబోతూంటే, “ఒక్క నిముషం బాబూ, నేను తెలుగులో అడుగుతాను” అన్నాను. “అత్తమ్మా, ఇది ఏ చోటు?” “ఆస్పత్రి. నా కాలు విరగ్గొట్టుకున్నాను గదా.” “ఇవాళ ఏమిటి?” కాసేపు ఆలోచించి, “నిన్న ఏకాదశి. నన్ను ఉపవాసం ఉండనివ్వలేదు మీరు” అన్నారు. ఫోనులో పంచాంగం తీసి చూస్తే నిజంగా నిన్న ఏకాదశే. డాక్టరు నవ్వి కాగితం మీద వ్రాసింది కొట్టివేశారు.

తరువాత వచ్చిన పెద్ద డాక్టరు విడమరచి చెప్పారు. ఇది పిచ్చి కాదు, మతిమరపు జబ్బు కూడా కాదు. పూర్వం మనవారు సన్నిపాతమనేవారే, ఆ జాతిది. ఆపరేషన్, నొప్పి, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రంలో చీము, మలబద్ధకం, కొత్త మందులు, వీటిలో ఏదైనా దౌర్బల్యమున్న పెద్దవారిని ఇలా ఒక్కసారిగా తికమకపెడుతుంది. పగలు తేటగా ఉండి రాత్రి ముదురుతుంది. కారణం పట్టి సరిచేస్తే చాలామందికి తగ్గుతుంది. “కళ్లద్దాలేవి? చెవి మిషనేది?” అని అడిగారాయన. పోతాయని నేనే బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాను! కళ్లు కనబడక, చెవులు వినబడక, తన భాష వినబడక, చేతులు కట్టి ఉంటే ఎవరికి మతి నిలుస్తుంది? అద్దాలు, మిషను తెచ్చి పెట్టాము. పక్కన తెలుగు మాట్లాడే మనిషి ఉండేటట్లు వంతులు వేసుకున్నాము. నిద్రమాత్ర ఆపించారు. మూడు రోజులకు చాలావరకు తేటపడ్డారు.

అంచేత ఒక మాట గట్టిగా చెబుతున్నాను. నెలల తరబడి మెల్లగా వచ్చే మరపు వేరు. నిన్న బాగుండి ఇవాళ తికమకపడడం వేరు. రెండోది వస్తే ఆ రోజే వైద్యునికి చూపించాలి. “ముసలితనం చాదస్తం” అని తెల్లవారేదాకా ఆగరాదు.

ఇక మన భాషను గురించి. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి అనే వైద్యురాలు, ఆమెతోటివారు, మతిమరపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒక్క భాషే మాట్లాడేవారికంటే రెండో అంతకుమించో భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలైనదట. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనబడింది. ఇతర దేశాలలో జరిగిన పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు గనుక, రెండు భాషలు వస్తే జబ్బే రాదని ఎవరూ ధీమా పడవద్దు. అయినా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒరియానో మరాఠీయో మాట్లాడుకుంటూ తరాలు గడిపిన మనకు ఇది సంతోషించదగిన మాటే. “రెండు భాషలతో పిల్లల బుర్ర చెడుతుంది” అని భయపడి ఇంట్లో తెలుగు మాన్పించే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పండి.

దానికి రెండో ముఖం కూడా ఉన్నది. జ్ఞాపకం సన్నగిల్లేటప్పుడు చాలామందికి తరువాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. చిన్ననాటి భాష మిగులుతుంది. ఇంట్లో పెద్దమనిషికి తెలుగు ఒక్కటే మిగిలి, మనవలకు తెలుగు రాకపోతే, ఒకే కప్పు క్రింద ఉండి వారు ఒకరికొకరు పరాయివారవుతారు. ఆమె “దప్పిక” అంటుంది, పిల్లలకు తెలియదు. నొప్పి ఎక్కడో చెబుతుంది, తెలియదు. మన సంఘంవారు ఆదివారం తెలుగు తరగతులు పెడితే పదిమంది పిల్లలు రావడం లేదు. పద్యాలకోసం రాకపోతే పోనివ్వండి. అవ్వ దాహం వేస్తున్నదంటే తెలుసుకోవడానికైనా రావద్దా?

సరే, మధుర సోదరీ, ఇప్పుడు మీరు చేయవలసిన పని.

మొదటిది, వైద్యునివద్దకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, మీ అంతట మీరు షాపులో కొన్నవాటితో సహా, ఒక సంచిలో వేసి తీసుకువెళ్లండి. కొన్ని నిద్రమాత్రలు, జలుబు దురద మాత్రలు పెద్దవారి మతిని మబ్బు పట్టిస్తాయి, కాళ్లను తడబరుస్తాయి. రక్తం తక్కువగా ఉన్నదా, థైరాయిడ్ ఎలా ఉన్నది, బి12 విటమిన్ తగ్గినదా అని పరీక్ష చేయించండి. ఈ బి12 మాంసాహారంలోను, పాలలోను, గుడ్డులోను ఉంటుంది గాని పప్పు కూరలలో ఉండదు. అందుచేత శాకాహారులకు లోటు రావడం తరచు. అది తగ్గితే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, మరపు కూడా వస్తుంది. సమయానికి పట్టుకుంటే మందుతో సర్దుకుంటుంది. కళ్లలో పొర ఉన్నదేమో, చెవిలో గుబిలి గడ్డకట్టినదేమో చూపించండి. మనిషి దిగులుగా ఉన్నదా అని కూడా అడగండి. మామగారు పోయిన తరువాత ఆడవారు మూగబోవడాన్ని మనం పెద్దరికమనుకుంటాం. చాలాసార్లు అది దిగులు జబ్బు. దానికి మందు ఉన్నది.

రెండోది తిండి. మన పెద్దవారు సాయంకాలమయ్యేసరికి “ఇంత మజ్జిగన్నం చాలు” అంటారు. మజ్జిగన్నం చల్లనిదే గాని అందులో కండ పెంచే సరుకు తక్కువ. వయసు మళ్లినవారికి కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము మొదలు 1.2 గ్రాములదాకా మాంసకృత్తులు కావాలని 2013లో నిపుణులు చెప్పారు. 50 కిలోల మనిషికి 50 మొదలు 60 గ్రాములు. ఒక గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, ఒక గుడ్డులో ఆరు, గుప్పెడు వేరుసెనగలలో ఏడు, ఒక గిన్నె గట్టి పప్పులో ఏడెనిమిది. పొద్దున్న రాగిజావలో పాలు కలపండి; పదకొండింటికి ఉలవగుగ్గిళ్లు మెత్తగా ఉడికించి ఇవ్వండి; మధ్యాహ్నం పప్పు చారుగా కాక ముద్దగా పెట్టండి; రాత్రికి పెరుగు. తినేవారైతే గుడ్డో చేపో. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగే తినాలి. సగం కంచం వదిలేస్తున్నారంటే ఒకసారి నోరు తెరిపించి చూడండి. కట్టుడు పళ్లు ఒరుసుకొని పుండు పడిందేమో! మా ఇంట్లో జరిగింది అదే. మూడు నెలలు ఆకలి లేదనుకున్నాము.

మూడోది కదలిక. దీనిని నమ్మనివారికోసం చెబుతున్నాను. 1994లో అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే వైద్యురాలు, ఆమెతోటివారు వృద్ధాశ్రమంలో ఉన్న 100 మంది దుర్బలులతో ఒక ప్రయోగం చేశారు. వారి సగటు వయసు 87. కొందరిచేత పది వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. ఎత్తినవారి కండబలం రెట్టింపుకు మించి పెరిగింది. నడక కూడా చురుకైంది. దీనికి ఎదురుగా ఇంకొకటి వినండి. 2007లో ఆరోగ్యంగా ఉన్న 12 మంది పెద్దవారిని పది రోజులు మంచం మీదనే ఉంచి చూస్తే, కాళ్లలోనుంచి దాదాపు ఒక కిలో కండ పోయింది. పది రోజులకే కిలో! నేను మా అత్తగారిని రెండేండ్లు కూర్చోబెట్టాను.

మీ అత్తగారిచేత రోజుకు రెండు పూటలా కుర్చీలోనుంచి లేచి కూర్చోవడం చేయించండి. మొదట మూడుసార్లు, తరువాత అయిదు, తరువాత పది. కిటికీ ఊచ పట్టుకొని మునివేళ్ల మీద లేవడం ఇంకొకటి. సాయంకాలం వీధి చివరిదాకా నడక, ఎవరో ఒకరితో మాట్లాడుతూ. గుండెజబ్బు, కీళ్లనొప్పి ఉంటే వైద్యుని అడిగి మొదలుపెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, చేతిలోని పని లాక్కోవద్దు. బియ్యంలో రాళ్లు ఏరడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, పూలు కట్టడం, చాకలి లెక్క చూడడం, ఇవన్నీ మందులే. ఉప్పు మరిచిపోతున్నారని వంటింట్లోనుంచి పంపివేయకండి. ఒక చిన్న గిన్నెలో ఆ పూటకు ఉప్పు తీసిపెట్టండి. గిన్నె ఖాళీ అయితే వేసినట్లే గదా! ఫిన్లాండు దేశంలో 60 మొదలు 77 ఏండ్లదాకా వయసున్న 1,260 మందితో జరిపిన పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. మంచి తిండి, వ్యాయామం, బుర్రకు పని, రక్తపు పోటు షుగరుల అదుపు, ఈ నాలుగూ కలిపి రెండేండ్లు సాగించిన వర్గంవారికి జ్ఞాపకం ఆలోచన పరీక్షలలో రెండో వర్గంవారికంటే మెరుగైన ఫలితం వచ్చింది.

నాలుగోది ఇల్లు. మంచం నుంచి స్నానాలగదిదాకా రాత్రి ఒక చిన్న దీపం. గోడకు పట్టుకోవడానికి కమ్మీ. జారే గోనెపట్టాలు తీసివేయండి. గడప తీయలేము గనుక దాని మీద తెల్లరంగు వేయండి. పసుపు బొట్లు దానిమీద పెట్టుకోవచ్చు.

చూపించుకోవడానికి చోట్లు కూడా ఇప్పుడు పెరిగాయి. 1978లో మదరాసు జనరల్ ఆస్పత్రిలో వి.ఎస్. నటరాజన్‌గారు పెద్దవారికి ప్రత్యేకంగా వైద్యం మొదలుపెట్టినప్పుడు మన దేశంలో అది కొత్త. 2024లో చెన్నై గిండీలో వృద్ధులకోసమే 200 పడకల జాతీయ కేంద్రం తెరిచారు. జ్ఞాపకపు జబ్బులకు బెంగుళూరు నిమ్హాన్స్ ఉన్నది. సలహాకైనా, పెద్దవారికి ఇంట్లో అన్యాయం జరుగుతున్నా, ప్రభుత్వంవారి వృద్ధుల సహాయవాణి 14567కు ఫోను చేయవచ్చు.

ఇంకొక్కమాట, ఇది సోదరులకు. పైన వ్రాసిన పనులన్నీ ఎవరు చేస్తారు? గుగ్గిళ్లు ఉడికించేది, మందుల సంచి మోసేది, రాత్రి లేచేది కోడలే. “వయసైంది, అంతే” అనే మాట చెప్పినంత సులభం కాదు ఆ చాకిరీ. సోదరీ, ఈ పేజీ మీ ఆయనకు చదివి వినిపించండి. సాయంకాలపు నడక ఆయన వంతు వేయండి. తల్లితో నాలుగు మాటలు తెలుగులో మాట్లాడినట్లూ ఉంటుంది.

అన్నీ చేసినా అన్నీ తిరిగి రావు. అది దాచి చెప్పడం న్యాయం కాదు. మా అత్తగారు మూడు కాళ్ల కర్రతో వాకిటిదాకా నడుస్తున్నారు. పండుగ రోజుల్లో కుర్చీ వేసుకొని కూర్చొని ముగ్గుకు చుక్కలు ఎన్ని పెట్టాలో చెబుతారు. మా అమ్మాయి పెడుతుంది. జ్ఞాపకం మాత్రం ఆస్పత్రినుంచి వచ్చాక మునుపటిలా లేదు. మా అమ్మాయిని తన చనిపోయిన చెల్లెలి పేరు పెట్టి పిలుస్తారు. మొదట్లో పిల్ల, “నేను కాదవ్వా” అని దిద్దేది. ఇప్పుడు దిద్దడం మానింది. “ఏమే, దూడను కట్టావా?” అని ఆమె అడిగితే, “కట్టానక్కా” అంటుంది, వచ్చీరాని తెలుగులో. ఆ ఒక్క మాటకోసం అది ఆ తెలుగు నేర్చుకున్నది.

ఈ నెల ప్రతి ఇంట్లోనూ ఒక పని చేయండి. వసారాలో నాలుగు మీటర్ల గీతలు గీసి మీ పెద్దవారిని నడిపించి చూడండి. ఎంతసేపు పట్టిందో, తరువాత ఏమి చేశారో నాకు వ్రాయండి. మూడు నెలల తరువాత మళ్లీ నడిపించి అదీ వ్రాయండి. మధుర సోదరి ఉత్తరంకోసం నేను ప్రత్యేకంగా ఎదురుచూస్తూ ఉంటాను.

ఉలవచారులో మునగాకు తగవు వచ్చే నెల తేల్చుకుందాము.

మీ
అక్కయ్య